జాజ్జా మెళ్ళో ఇంగ్లీషు బిళ్ళ

హలో… ఆ, నేనే జాజ్జా. నేనే, కిజ్జాని. నీ మనవణ్ణే… మిస్డ్ కాల్ ఒకటిస్తే నేనే చేస్తాగా, పదకొండు ఇవ్వాలా?… పన్నెండోది కూడా పడుంటే నా ఫోను గుడ్డు పెట్టేసేది.

లేదు లేదు, చెప్పు. షాపులోనే ఉన్నా. ఒకాయన కుర్చీలో ఉన్నాడు, సగం తల అయింది… పర్లేదులే, మసాకా ఊరు మొత్తంలో ఈయనంత ఓపికున్న మనిషి లేడు. — కదా సెబో? — … తలూపాడు. అయిన సగమే ఊపాడు.

ఏంటి?… ఏడుస్తోందా? ఎవరు?… మన నాకిబూకానా! నా చెల్లెలు ఏడవటమేంటి జాజ్జా? పోయినేడు చెయ్యి విరిగితే "ఇంకోటి ఉందిగా" అని బంతాటకెళ్ళిపోయిన పిల్ల…

రేపు ఆడనివ్వరా?… ఆగాగు. జిల్లా నెట్‌బాల్ జట్టుకి పిల్లల్ని ఏరేది రేపేగా?… రేపే. మరి?… ఏడాది బట్టీ పెరట్లో పనసచెట్టుకి అడుగులేని బుట్ట కట్టుకుని వేసిందే వేసిందే… ఆ చెట్టుక్కూడా ఈపాటికి గోలు వెయ్యటం వచ్చేసుంటుంది. దాన్ని ఆడనివ్వకపోవటమేంటి? ఎవరన్నారు?…

టీచర్ బ్యారుహంగా. ఇంకెవరంటార్లే.

ఎందుకట?… ఏం బిళ్ళ?… కొయ్యదా? గుండ్రంగా, తాడు కట్టి… మెళ్ళో వేసుకునేది…

జాజ్జా. ఆ బిళ్ళ నీ దగ్గరేం చేస్తోంది?

… నిన్న మధ్యాహ్నం… ఆ… దానికి అరటికాయ మటోకె, వేరుశనగ పులుసు పట్టుకెళ్ళావు. మంచి పనేగా… గేటు లోపల మెట్ల మీద కూర్చోబెట్టి "తిను తల్లీ, పుల్లలా అయిపోయావు" అన్నావు… మన లుగాండాలోనే. మరింకే భాషలో అంటావులే… అనగానే అది లేచి, తన మెళ్ళోది తీసి, నీ మెళ్ళో వేసింది… దణ్ణం కూడా పెట్టిందా! మోకాళ్ళ మీద కూర్చునా! అబ్బో, మర్యాదలో మాత్రం లోటు చెయ్యలేదు.

నువ్వేమనుకున్నావు మరి?… బహుమతా.

జాజ్జా, నుంచున్నావా కూర్చున్నావా?… కూర్చో. చెప్తా, కూర్చో… అది బహుమతి కాదు. పతకం అసలే కాదు… కాదే తల్లీ. బడి గేటు లోపల ఇంగ్లీషు తప్ప ఇంకోటి మాట్లాడకూడదా, మాట్లాడి దొరికినవాడి మెళ్ళో అది వేస్తారు. వాడు ఇంకొకణ్ణి పట్టుకుని వాడి మెళ్ళో వేసేదాకా మొయ్యాలి… ఆ, శిక్షే… అవును, అచ్చంగా శిక్షే. నీకు నిన్న పడింది శిక్ష.

… ఎందుకంత మెల్లిగా మాట్లాడుతున్నావు?… నిన్న అది వేసుకుని ఎక్కడికెళ్ళావు?… జాజ్జా, ఎక్కడికెళ్ళావు?

మదర్స్ యూనియన్ మీటింగుకా!

… ఎంతమంది?… నలభై… చప్పట్లు కొట్టారా… రెవరెండు గారు ప్రార్థన కూడా చేశారా! దేనికి, బిళ్ళకా?… "ఈ సోదరికి దక్కిన గౌరవానికి స్తోత్రం" అన్నారా. సరిపోయింది. మరి బిళ్ళ మీద రాసింది ఎవరూ చదవలేదా?… రెవరెండు గారి భార్య చదివిందా. ఏమంది?… "నేను ఇంగ్లీషు మాట్లాడలేదు" అని రాసుందండీ అంది… నువ్వేమన్నావు?… "నిజమేగా, నా జన్మలో ఎప్పుడైనా మాట్లాడానా?"… మళ్ళీ చప్పట్లు.

లేదు, నేను నవ్వట్లేదు… దగ్గొచ్చింది. — సెబో, మీరు మాత్రం నవ్వకండి, మిషను చెవి మీదుంది. —

సిగ్గెందుకు జాజ్జా, నాకు చూడు, ఏడేళ్ళు ఉంది నా మెళ్ళో. నా మెడ ఇంత పొడుగు ఎలా అయిందనుకున్నావు? మా క్లాసులో జిరాఫీ పాఠం వస్తే బొమ్మ గియ్యకుండా నన్నే లేపి నుంచోబెట్టేవాళ్ళు. సెలవుల్లో బిళ్ళ తీసేస్తే వెనక్కి తూలేవాణ్ణి…

సరే, సరే, సంగతికొద్దాం. ఇప్పుడేమంటున్నారు వాళ్ళు?… పుస్తకంలో ఆఖరు పేరు నాకిబూకాదే ఉంది… బిళ్ళ కనబడట్లేదు… ఆ… శుక్రవారం నాలుగింటికి అందరూ మైదానంలో నిలబడతారు, ఎవరి మెళ్ళో ఉంటే వాళ్ళు ముందుకి రావాలి. అది మా కాలం నించీ అంతే. వచ్చి?… ఐదు ఇంగ్లీషు వాక్యాలు… ఐదింట్లో ఐదు రకాల క్రియలుండాలా! ఇది కొత్తది. మా కాలంలో ఒక పాట పాడితే వదిలేసేవాళ్ళు… ఓ, ఈ వారం పాఠం అదా. క్రియలు. ఆయన బుర్రకి సెలవుండదు.

చెప్తే?… బిళ్ళ తీసి, గేటు లోపల మన భాష మాట్లాడగా తను విన్నవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకి వెయ్యొచ్చు. చెప్పకపోతే?… ఎవరేశారో వాళ్ళకే తిరిగెళ్తుంది… వాళ్ళు శనివారం పొద్దుణ్ణించి సాయంత్రం దాకా బడి చిక్కుడు మళ్ళలో కలుపు తియ్యాలి.

… శనివారం. రేపు.

అర్థమైంది.

మరి నిన్ను క్షమించెయ్యమని అడగొచ్చుగా?… హెడ్ మేడమ్ అన్నారా? "పెద్దావిడ, ఆవిడకి తెలియక జరిగింది, బిళ్ళ పంపించండి చాలు" అని… మరి ఇంకేం, పంపించెయ్… ఆ. పంపిస్తే దాని మెళ్ళోకే వస్తుంది, తిరిగొచ్చిన బిళ్ళకి వాక్యాలుండవు, నేరుగా కలుపే. అవును… అవునవును, నువ్వు తప్పుకుంటే అది ఇరుక్కుంటుంది…

అందుకని?… అందుకని నువ్వు వెళ్ళి నిలబడతావా!

జాజ్జా, నాలుగింటికి. ఇప్పుడు మూడైంది… ఆరొందలమంది పిల్లల ముందు… ఇంగ్లీషులో… నీకు ఇంగ్లీషు… లేదు, రాదని అనట్లేదు. ఎంత చదివావు నువ్వు?… రెండో తరగతి… పూర్తిగానా?… సగం. ఎందుకు మానేశావు?… ఆవు ఈనిందనా. బాగుంది. ఆ దూడ ఇప్పుడుంటే దాన్ని నిలబెట్టేవాళ్ళం.

సరే, అరవకు! నేర్పిస్తా. నేర్పిస్తానన్నానా… ముందు గోమెసి కట్టుకో. మంచిది, పసుపుది. కట్టుకుంటూనే విను…

ఏంటి?… ఏమో, దానికెవరు చెప్పారో నాకేం తెలుసు?… చుట్టాలకి కూడా వెయ్యొచ్చని దానికి… పిల్లలు జాజ్జా, వాళ్ళకి అన్నీ గాలిలోంచి వస్తాయి… లేదు… నా గొంతు మామూలుగానే ఉంది… నేను నత్తిగా ఎప్పుడు మాట్లాడాను…

… సరే. నేనే.

నేనే చెప్పా. బుధవారం సాయంత్రం ఫోన్ చేసి ఒకటే గోల పెట్టింది, బిళ్ళ పడింది, ఎవరూ దొరకట్లేదు, అందరూ దాన్ని చూస్తే మూగవాళ్ళయిపోతున్నారు అని. నేను ఊరికే, మాట వరసకి, "గేటు లోపలికొచ్చిన వాళ్ళెవరైనా లెక్కేనే, పిల్లలే అయ్యుండాలని ఎక్కడా లేదు" అన్నా… నా ఉద్దేశంలో కట్టెల లారీ డ్రైవరు! ఆయనకైతే మెడ గట్టిది… నీకేస్తుందని కలగన్నానా?

హలో?… జాజ్జా?… ఉన్నావా?… కోపమొచ్చిందా?… రాలేదా. మరెందుకు మాట్లాడవు?… "ఏం లేదు, ఆలోచిస్తున్నా" అంటే ఎలా? నువ్వు ఆలోచిస్తే నాకు వెన్నులో చలేస్తుంది… సరే సరే, పాఠం. పాఠమే.

విను. క్రియ అంటే వాక్యంలో పనిమంతురాలు. ఐదు రకాల వాళ్ళున్నారు, ఐదుగురినీ నీకు ముందే తెలుసు… తెలుసు అంటున్నాగా.

మొదటిది. దీని బడిపేరు ట్రాన్సిటివ్. ఆ పేరు మర్చిపో, పలికితే దవడ పట్టేస్తుంది. దీన్ని "దేన్ని" క్రియ అందాం. ఇప్పుడు నువ్వు గుమ్మంలోకొచ్చి "తెచ్చాను" అని ఊరుకున్నావనుకో. ఇంట్లో వాళ్ళం ఏమంటాం?… అదీ! "ఏం తెచ్చావు?" అంటాం. చెప్పేదాకా ఒక్కడు కూడా కూర్చోడు. వెనకాల ఒక వస్తువు ఉంటేగానీ ఆ క్రియకి కడుపు నిండదు. "ఐ బ్రింగ్ మటోకె." అను… ఐ… బ్రింగ్… బెరింగ్ కాదు, బ్రింగ్… ఆ, మటోకె మాత్రం బ్రహ్మాండంగా అన్నావు.

రెండోది దీనికి ఎదురు. దీనికి వెనకాల ఏమీ అక్కర్లేదు. ఎవరు తెలుసా? మన లుబేగా మావయ్య. వచ్చాడు. కూర్చున్నాడు. పడుకున్నాడు. దేన్ని పడుకున్నాడు అని అడగ్గలమా?… చాప మీద పడుకుంటాడు జాజ్జా, చాపని పడుకోడు. ఆ మనిషికి చాప కూడా లెక్కలేదు, పోయిన వానల్లో చాప కొట్టుకుపోయింది, ఆయన మటుకు కదల్లేదు, నీళ్ళే పక్కనించి తిరిగెళ్ళాయి. "ఐ స్లీప్." అంతే. రెండు ముక్కలు… బాగుంది! — సెబో, విన్నారా? మొదటిసారికే! —

ఆయనెవరా? మన కస్టమరు. ఆయన కూడా నేర్చుకుంటున్నాడు… ఆయనేమంటున్నాడంటే, "మా బావమరిది కూడా రెండో రకమే" అంటున్నాడు.

బయల్దేరావా?… బోడా బండి వచ్చిందా. ఎక్కు. పక్కకే కూర్చో, గోమెసి చక్రంలో పడకుండా చూసుకో… ఏంటీ? వినబడట్లేదా? గాలా?… స్పీకరు నొక్కు. పచ్చ గుర్తు పక్కన… ఎర్రది కాదు! ఎర్రది ముట్టుకోకు!… ఆ. ఇప్పుడు?… వినబడుతోందా? బోడా ఆయనకి కూడానా? మంచిది, ఊరంతా చదువుకుంటుంది.

మూడోది. చేతిసాయం క్రియ. బావి దగ్గర నీళ్ళ క్యాను నింపుకున్నావు. నెత్తి మీదికి ఎత్తుకోవాలంటే ఎవరో ఒకరు చెయ్యి వెయ్యాలిగా? వాళ్ళు వేస్తారు, పక్కకి తప్పుకుంటారు. ఇంటిదాకా మోసేది నువ్వే. "ఐ విల్ డిగ్." ఇక్కడ విల్ ఏం చేసింది?… తవ్విందా?… తవ్వలా. పారని ఎత్తి డిగ్ భుజాన పెట్టి పోయింది. తవ్వేది డిగ్గే… అవును, వట్టి "ఐ విల్" అని వదిలేస్తే, క్యాను ఎత్తారు గానీ కింద తలకాయ లేదన్నమాట… హహ్హ, అవును, లుబేగా మావయ్య ఎప్పుడూ "ఐ విల్" దగ్గరే ఆగిపోతాడు. నువ్వు నాకంటే బాగా చెప్తున్నావు.

అను మరి… ఐ… విల్… డిగ్. భేష్! బోడా ఆయన కూడా అన్నాడు, విన్నా. ఆయన్ని రోడ్డు చూసుకోమను.

నాలుగోది. ఇది కదలని క్రియ. బయటికేమీ కనబడదు. నువ్వు వాకిట్లో కూర్చుని పక్కింటివాళ్ళ ఆవుని చూస్తావే… చూస్తావు, నాకు తెలుసు. చెయ్యి కదలదు, కాలు కదలదు, రెప్ప కూడా వెయ్యవు. కానీ లోపల? లోపల అది ఎన్ని లీటర్లిస్తుంది, ఎందుకిస్తుంది, మనది ఎందుకివ్వదు, వాళ్ళేం పెడుతున్నారు… ఆ క్రియలన్నీ అలాంటివే. తెలుసు, కావాలి, ఇష్టం… ఎవరైనా చూస్తే ఏమీ చెయ్యట్లేదనుకుంటారు. "ఐ లవ్ జీసస్." ఇది నీకు వచ్చు, గుళ్ళో పాడతావు… పాడకు! అను చాలు… పాడకే తల్లీ, బండి మీదున్నావు! బోడా ఆయన చప్పట్లు కొడితే మీరిద్దరూ సరాసరి ఆయన దగ్గరికే వెళ్తారు.

ఈ వాక్యం దగ్గర టీచర్ బ్యారుహంగా తప్పు పట్టలేడు, గుర్తుంచుకో. తప్పంటే ఆదివారం రెవరెండు గారికి మొహం ఎలా చూపిస్తాడు?

ఐదోది కొంచెం తిరకాసుది… కష్టం కాదు, తిరకాసు. పెళ్ళికి ముందు పిల్లనడగటానికి వస్తారే, అప్పుడు వాకిట్లో రెండు గుడారాలు వేస్తాం కదా. ఈ గుడారంలో పిల్లవాళ్ళు, ఆ గుడారంలో పిల్లాడివాళ్ళు. మధ్యలో ఎవరు నిలబడతారు?… సెంగా! పిల్ల మేనత్త. ఆవిడ వంట చేస్తుందా?… చెయ్యదు. బస్తాలు మోస్తుందా?… మొయ్యదు, ఇంకా ఆవిడనే మనం మోస్తాం. ఏ పనీ చెయ్యదు. కానీ ఆవిడ మధ్యలో నిలబడి "ఇతనే మా అల్లుడు" అనకపోతే ఆ గుడారం ఆ గుడారమే, ఈ గుడారం ఈ గుడారమే. అదీ ఐదో క్రియ. ఇటు ఒక మనిషిని, అటు ఒక మాటని పెట్టి రెండూ ఒకటే అంటుంది. "ఐ యామ్ ఓల్డ్." ఇటు నువ్వు, అటు ముసలి, మధ్యలో యామ్ సెంగా…

ఏంటి?… ముసలిదానివి కాదా?… జాజ్జా, ఉదాహరణకి!… సరే, నీకు డెబ్భై ఒకటే, ఒప్పుకున్నా… సరే "ఐ యామ్ యంగ్" అను, అది అబద్ధం గానీ క్రియ మాత్రం నిజమే. టీచరు క్రియనే చూస్తాడు, మొహం చూడడు… మనిషి వేరైతే? వేరైతే యామ్ బదులు ఈజ్. సెంగా అదే, చీర మారుస్తుంది, అంతే. "మేరీ ఈజ్ టాల్." ఎవరైనా పెట్టుకోవచ్చు, ఏ పేరైనా…

ఎందుకడుగుతున్నావు? నువ్వు "ఐ యామ్ ఓల్డ్" అనేస్తే పోలా?… ఊరికేనా. సరే.

ఇంకోసారి మొత్తం… ఆ… మ్… ఆ… రెండోది ముందొచ్చింది, పర్లేదు, వరసేం అక్కర్లేదు… చేతిసాయం… ఆ… వదిలేసింది ఒక్కటే, సెంగాది… సెంగా, జాజ్జా! మర్చిపోకు. మిగతా నలుగురూ వచ్చి సెంగా రాకపోతే పెళ్ళి ఆగిపోయినట్టే. చెల్లి చిక్కుడు మళ్ళలో కూర్చుంటుంది, అక్కడ ఇంకో పిల్ల జట్టులోకి వెళ్ళిపోతుంది… అవును. మళ్ళీ ఎంపిక వచ్చే ఏడాదే. అప్పటికి అది ఏడో తరగతి, పరీక్షలంటారు, ఇంక ఆడనివ్వరు. ఇదొక్కటే దానికి… భయపెట్టట్లేదు, చెప్తున్నా… నాకే భయంగా ఉంది, నిన్నేం భయపెడతాను.

— సెబో, అయిపోయింది, చూసుకోండి. వెనకాల బాగుందా?… ఎందుకు కూర్చున్నారు మరి? లేవచ్చు… ఓ, మీరూ వింటారా. కూర్చోండి. — ఏమయ్యా, రేడియో కట్టెయ్యండి ఎవరైనా! —

వచ్చేశావా? గేటు కనబడుతోందా?… ఇదిగో, గేటు దాటాక ఇంక మన భాషలో ఒక్క ముక్క మాట్లాడకు. ఎవరు పలకరించినా నవ్వు. నవ్వు ఏ భాషా కాదు. ఫోను కట్టెయ్యకు, నడికట్టులో దోపుకో. నేను వింటూ ఉంటా. నోరు మెదపను… ఒట్టు… నీ మీద ఒట్టు కాదు, నా మిషను మీద ఒట్టు. వెళ్ళు.

…

ష్. గంట కొట్టారు.

— బట్ట చప్పుడవుతోంది, సరిగ్గా వినబడట్లా… నడుస్తోంది… ఆ, హెడ్ మేడమ్ గొంతు. "గుడ్ ఆఫ్టర్‌నూన్ చిల్డ్రన్"… పిల్లలు తిరిగి అంటున్నారు, ఆరొందలమంది, చెవి పోయింది… టీచర్ బ్యారుహంగా. ఇదే గొంతు సెబో, ఇదే. ఇది వింటే ఇప్పటికీ నా మెడ దానంతటదే వంగుతుంది… పేరు పిలిచాడు. "నాకిబూకా"… వద్దు వద్దు, దాన్ని కాదు… జాజ్జా నడుస్తోంది, జాజ్జా ముందుకెళ్ళింది! పిల్లలంతా ఓ అంటున్నారు… బిళ్ళ మెళ్ళో ఉందిగా, చూసుంటారు…

ష్, ష్. మొదలెట్టింది.

"ఐ స్లీప్." లుబేగా మావయ్య! ఒకటి!

… "ఐ బ్రింగ్ మటోకె." ఆ! రెండు! బ్రింగ్ కూడా సరిగ్గా అంది… పిల్లలు నవ్వుతున్నారు. టీచరు "క్వైట్" అన్నాడు…

"ఐ విల్ డిగ్." మూడు! సెబో, మీ చెయ్యి తియ్యండి, నా భుజం విరుగుతుంది…

"ఐ లవ్ జీసస్."… హహ్హ! ఆరొందలమందీ "ఆమెన్" అన్నారు! టీచర్ బ్యారుహంగా కూడా అన్నాడు! నాలుగు!

ఒక్కటి. ఒక్కటే… సెంగా ఒక్కతీ వస్తే చాలు…

…

ఏమైంది? ఆగిపోయింది… లైను పోలేదు, గాలి చప్పుడు వినబడుతోంది… గుర్తు రావట్లేదు. వాళ్ళ ముందు మర్చిపోయింది… టీచరు లెక్కపెడుతున్నాడు. పది దాకా లెక్కపెడతాడు, మా కాలం నించీ అంతే… మూడు… నాలుగు… అను జాజ్జా… ఆరు… ఎవరో ఏడుస్తున్నారు, దగ్గరగా… నాకిబూకా. అది నా చెల్లి ఏడుపే… ఎనిమిది…

జాజ్జా! సెంగా! మధ్యలో నిలబడే సెంగా! "ఐ యామ్ ఓల్డ్" అను! ముసలిదానివే, ఒప్పేసుకో! అనవే తల్లీ!

…

ఎందుకింత నిశ్శబ్దం?

… స్పీకరు.

— సెబో, స్పీకరు ఆన్‌లో ఉంది. బోడా మీద నొక్కించా… నా గొంతు మైదానమంతా… —

నవ్వుతున్నారు. ఆరొందలమంది. హెడ్ మేడమ్ కూడా… టీచరు "సైలెన్స్" అంటున్నాడు… ఆయనేమంటున్నాడు? "అమ్మా, అందించిన వాక్యం చెల్లదు, మీ సొంతది చెప్పాలి"… అయిపోయింది. చెడగొట్టేశా. నోరు మెదపనని మిషను మీద ఒట్టేసి మరీ…

ఆగు. చెప్తోంది. జాజ్జా చెప్తోంది. గొంతు వణకట్లేదు…

"కిజ్జా ఈజ్ స్టుపిడ్."

…

మీరెందుకు నవ్వుతారు సెబో? బల్ల మీద కొట్టకండి, అద్దం పడుతుంది… ఆ, సెంగానే. ఈజ్. ఇటు నేను, అటు స్టుపిడ్… క్రియ కరెక్టే. వాక్యం కూడా కరెక్టేనా? మీరు డబ్బులిచ్చి వెళ్ళండి.

టీచరు ఏమంటాడో… "కరెక్ట్"! అన్నాడు! "వెరీ గుడ్" కూడా! ఆ మనిషి నోట్లోంచి ఆ మాట నేను ఏడేళ్ళలో వినలేదు!… ఐదూ అయిపోయాయి! ఆడుతుంది! నా చెల్లి రేపు ఆడుతుంది!

ష్… బిళ్ళ తీస్తోంది కాబోలు… టీచరు అడుగుతున్నాడు, గేటు లోపల మన భాష ఎవరైనా మాట్లాడగా విన్నారా, ఎవరికేస్తారు అని… పాపం, ఎవర్ని ఇరికిస్తుంది, అంతా పసిపిల్లలు. నాకెవరూ లేరు అనేస్తుందిలే, జాజ్జా మనసు వెన్న…

ఏ పేరంది?

నా పేరా?

జాజ్జా! హలో! నేను మసాకాలో ఉన్నా! ముప్పై కిలోమీటర్ల దూరం! బళ్ళో అడుగు పెట్టి ఎనిమిదేళ్ళయింది!… హలో, ఎవరు?… ఎ… ఎస్ సార్. గుడ్ ఆఫ్టర్‌నూన్ సార్. కిజ్జా సార్… ఎస్ సార్, ఆ కిజ్జానే… ఐ యామ్ ఫైన్ సార్… నో సార్… సార్, బట్ సార్… గొంతు గేటు లోపలే ఉంది సార్, ఎస్ సార్, బట్ మనిషి… ఎస్ సార్… మండే?… సెవెన్ ఓక్లాక్ సార్?… సార్, షాపు సార్… ఎస్ సార్. ఐ విల్ కమ్ సార్… చేతిసాయం క్రియ సార్. సారీ సార్, ఆగ్జిలరీ సార్… థాంక్యూ సార్.

… ఎవరు? నాకిబూకా! ఏడుపు ఆపావా?… ఆపి కూడా ముక్కు ఎగబీలుస్తున్నావు… ఆడతావుగా? ఆయనే చెప్పాడా, నోటితో?… బూట్లున్నాయా?… ఎవరివి, ఎరవువా? సరిపోతాయా?… కాయితం కుక్కుకో… వస్తా. పొద్దున్నే మొదటి బండికే వస్తా, షాపు కట్టేసి. ఎన్ని వేస్తావు?… పదా? పనసచెట్టుకి నలభై వేసేదానివి, మనుషుల ముందు పదేనా?… పదిహేను. సరే, పదిహేను. పోయి అన్నం తిను, రెండ్రోజులైంది తిని…

ఆగు, ఫోను పెట్టకు. జాజ్జాకివ్వు… ఒక్కమాట.

జాజ్జా… బాగుంది, బాగా చెప్పావు. అందరూ మెచ్చుకున్నారు, సెబో కూడా… లేదు, సోమవారం వస్తాలే, వేసుకుంటాలే. కానీ ఒక్కటి చెప్పు. ఐదోదాని దగ్గర ఆగిపోయావు చూడు… మర్చిపోలేదు కదా నువ్వు?… కావాలనే ఆగావు కదా?… ఎనిమిది దాకా లెక్కపెట్టనిచ్చావు… నాకు తెలుసు, నేను అరుస్తానని… జాజ్జా, ఎందుకు నవ్వుతున్నావు?… జాజ్జా?… హలో?… హలో?…

— పెట్టేసింది.